నిలువు బండల మీద తిరిగే తెల్ల కొండమేకలు జారిపడవా? వాటిని మన మేకలతో కలపవచ్చా?

ప్రశ్న: దేవరకొండ జీవాల కాపరి

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి పల్లె. తాతల నాటి నుండి జీవాల మీదే మా బతుకు సాగుతున్నది. ఇప్పుడు నా మందలో నలభై దాకా మేకలు, పదిహేను గొర్రెలు ఉన్నాయి. ఊరి వెనుక గుట్ట అంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుండే గుండ్లే. పొద్దున మందను తోలుకుపోతే గొర్రెలు కింద చెలకల్లోనే తల వంచి మేస్తాయి. మేకలు మాత్రం గుండు మీది నుండి గుండు మీదికి దుంకుతూ, బండ సందుల్లో మొలిచిన రేగు, పరికి కొమ్మలను అందుకుంటూ మధ్యాహ్నానికి గుట్ట నెత్తికి చేరతాయి.

ఈ వానాకాలం మొదట్లో నాకొక నష్టం జరిగింది. ఆరేళ్లుగా అదే గుట్టను ఎక్కి దిగుతున్న చూడి మేక ఒకటి తడిసిన బండ మీద కాలు జారి, రెండు నిలువుల లోతున్న సందులో పడి ముందుకాలు విరగగొట్టుకున్నది. నేను సందులోకి దిగేసరికి అది అరవడం కూడా లేదు. విరిగిన కాలిని గాలిలో ఎత్తిపట్టుకుని, పక్కనున్న పరికి ఆకును కొరుకుతున్నది. కడుపులోని పిల్ల దక్కలేదు. మేక బతికింది కాని ఇప్పటికీ కుంటుతున్నది.

అదే వారంలో మా అబ్బాయి ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఒళ్లంతా తెల్లని జూలు, నల్లని పొట్టి కొమ్ములు ఉన్న మేక ఒకటి, గోడలాగా నిటారుగా ఉన్న కొండ చరియ మీద అరచేయి వెడల్పు కూడా లేని అంచున నాలుగు కాళ్లనూ దగ్గరకు చేర్చి నిలబడి ఉన్నది. దాని పక్కన బెత్తెడు కొమ్ములైనా రాని పిల్ల. కింద లోయ అడుగు కనబడదు. ఊళ్లో కొందరు అది కంప్యూటరులో చేసిన బొమ్మ అన్నారు, కొందరు అమెరికా కొండమేక అన్నారు.

తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను. అవి నిజంగా ఉన్నాయా? ఉంటే, ఆరేళ్లు అలవాటైన గుట్ట మీదే నా మేక జారినప్పుడు, మంచు కప్పిన కొండ మీద అవి ఎట్లా జారకుండా ఉంటాయి? చలికాలంలో అక్కడ ఏమి తింటాయి? ఇంకొక మాట. మా వైపు సంతకు వచ్చే ఒక వ్యాపారి తన దగ్గర అమెరికా కొండమేకతో సంకరం చేసిన పోతు ఉందని, దానిని మందలో వదిలితే పుట్టే పిల్లలు ఎంతటి గుట్టనైనా ఎక్కుతాయని చెప్పి, ఫోటో పంపి పదివేలు బయానా అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

జవాబు: పాలమూరు జంతుశాస్త్ర అధ్యాపకుడు

ముందుగా డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ తీరికగా చదువుకోవచ్చు. బయానా ఇవ్వకండి. వీడియోలోని కొండమేక నిజమైన జంతువే కాని దానికీ మన మేకకూ పిల్లలు పుట్టే అవకాశం లేదు. పేరులో మేక ఉన్నా అది మేకల ప్రజాతికి చెందినది కాదు. మన ఇంటి మేక కాప్రా అనే ప్రజాతిలోనిది. కొండమేక ఓరియామ్నస్ అనే వేరే ప్రజాతిలో ఒంటరిగా మిగిలిన జాతి. మన మేకకు 60 క్రోమోజోములు, గొర్రెకు 54, ఆ కొండమేకకు 42 మాత్రమే. ఒకే దొడ్డిలో పెరిగే మేకకూ గొర్రెకూ మధ్యనే సంకరం నిలవడం ఎంత అరుదో మీకు నాకంటే బాగా తెలుసు. ఇక అమెరికా ఖండపు అడవి జంతువు సంకరం మన సంతకు ఎక్కడి నుండి వస్తుంది?

ఆయన పంపిన ఫోటోను మీరే పరీక్షించండి. అసలు కొండమేక చెవులు చిన్నవిగా, మొనతేలి, నిక్కబొడుచుకుని ఉంటాయి. కొమ్ములు నల్లగా, నున్నగా, సన్నని బాకుల్లాగా కొద్దిగా వెనక్కి వంగి, జానెడు పొడవులో ఉంటాయి. ఆడదానికీ మగదానికీ కొమ్ములూ గడ్డమూ రెండూ ఉంటాయి. ఫోటోలోని పోతుకు చెవులు వేలాడుతూ ఉంటే అది చాలావరకు ఉత్తరాది నుండి తెచ్చిన జమునాపారి రకమో, దాని సంకరమో అయి ఉంటుంది. అది మంచి మేకే, పాలకూ మాంసానికీ పనికి వస్తుంది, కాని దానికి చెల్లించవలసిన ధర వేరు.

పేర్ల గురించి ఒక చిన్న పక్కమాట. మన నల్లమలలో కొండగొర్రె అని పిలిచే జంతువు కూడా గొర్రె కాదు. అది నాలుగు కొమ్ముల దుప్పి, ఆ నాలుగు కొమ్ములూ మగదానికే ఉంటాయి. పైగా అది కొండ చరియలు ఎక్కేది కూడా కాదు. జనం పెట్టే పేర్లు చూపును బట్టి పుడతాయి, వంశాన్ని బట్టి కాదు.

ఇక అసలు ప్రశ్న. కొండమేకలు ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాలలో, కాస్కేడ్ శ్రేణిలో, అలాస్కా, బ్రిటిష్ కొలంబియా తీరపు కొండలలో ఉంటాయి. వాటి పూర్వీకులు ఆసియా నుండి, సముద్రమట్టం తగ్గిన మంచుయుగ కాలంలో ఆసియాకూ అలాస్కాకూ మధ్యనున్న బేరింగ్ జలసంధి దగ్గర బయటపడిన నేల మీదుగా అక్కడికి చేరాయి. పెద్ద జంతువు 45 నుండి 140 కిలోల వరకు తూగుతుంది, పోతులు పెంటి మేకల కంటే బాగా బరువుగా ఉంటాయి. పక్క నుండి చూస్తే బలిసిన భుజాలతో గూని ఉన్నట్లు కనిపించే ఈ జంతువును పై నుండి చూస్తే మాత్రం ఒళ్లు పలకలాగా సన్నంగా ఉంటుంది. సన్నని అంచు మీద ఒళ్లు కొండకు తగిలి బయటికి నెట్టబడకుండా ఉండడానికి ఆ సన్నదనమే ఆధారం. ఆ భుజాల కండలు ముందుకాళ్లను పైన ఆనించి మిగిలిన ఒంటిని పైకి లాక్కోవడానికి పనికి వస్తాయి.

డెక్క సంగతి వివరంగా చెప్పాలి. మీ మేక కాలిని తిప్పి చూడండి: రెండు వేళ్లు, చుట్టూ గట్టి అంచు, మధ్యలో కొంచెం మెత్తని భాగం. కొండమేకకూ అవే ఉంటాయి, కాని ఆ మెత్తని భాగం రబ్బరు లాగా గరుకుగా ఉండి అంచు కంటే కొద్దిగా కిందికి ఉబ్బి ఉంటుంది. కాలు మోపగానే మెత్తని భాగం బండ గరుకును పట్టుకుంటుంది, గట్టి అంచు చిన్న చిన్న పగుళ్లలోనూ గడ్డకట్టిన మంచులోనూ దిగుతుంది. కిందికి దిగేటప్పుడు రెండు వేళ్లూ బాగా విచ్చుకుని, వాటి మధ్యకు వచ్చిన రాతి అంచును పట్టుకారులాగా ఒడిసిపడతాయి. కాలి వెనుక పైభాగంలో ఉండే చిన్న గిట్టలు కూడా జారుడు నేల మీద బ్రేకుల లాగా ఆనుతాయి. అన్నిటికంటే ముఖ్యం దాని తీరు. అది తొందరపడదు. ముందుకాలు మోపి, బరువు వేసి చూసి, నమ్మకం కుదిరాకే వెనుకకాలు కదుపుతుంది. దారి లేదనిపిస్తే ఆ ఇరుకులోనే ముందుకాళ్లను బండకు ఆనించి, వెనుకకాళ్ల మీద తిరిగి వచ్చిన దారినే పోతుంది. అవసరమైతే ఒక్క గెంతులో మూడు మీటర్లకు పైగా దాటగలదు కాని, అది ఆఖరి ఉపాయం.

అయితే అవి జారిపడవని మాత్రం అనుకోకండి, పడతాయి. అంతకంటే పెద్ద ముప్పు మంచు చరియలు. అలాస్కా ఆగ్నేయ తీరంలో 17 ఏళ్ల పాటు 421 కొండమేకలకు రేడియో పట్టీలు కట్టి గమనించిన పరిశోధకులు 2024లో తమ ఫలితాలను ప్రచురించారు. వాటి ప్రకారం చనిపోయిన వాటిలో మూడో వంతుకు పైగా మంచు చరియలు విరిగిపడి చనిపోయినవే. వీడియో తీసేవారికి నిలబడ్డ మేక దొరుకుతుంది, పడిపోయిన మేక లోయలో వసంతం దాకా మంచు కిందే ఉంటుంది. అందుకే అవి ఎన్నడూ తప్పటడుగు వేయవన్న అపోహ పుట్టింది.

మరి అంత ప్రమాదం ఉన్న చోటనే ఎందుకు బతకాలి? తోడేలు, ప్యూమా అనే పెద్ద పిల్లి జాతి జంతువు, గ్రిజ్లీ ఎలుగుబంటి అక్కడికి సులభంగా రాలేవు కనుక. కింద పచ్చిక ఎంత బలంగా ఉన్నా నిలువు బండకు నాలుగు గెంతుల దూరం దాటి మేయడానికి అవి ఇష్టపడవు. మేత కొంత పోయినా ప్రాణం మిగలాలన్నది వాటి లెక్క. పిల్లలకు మరొక భయం ఉంది, గోల్డెన్ ఈగల్ అనే పెద్ద గద్ద పైనుండి వచ్చి కొట్టి లోయలో పడవేస్తుంది. మే చివర, జూన్ మొదట్లో ఈనిన తల్లి సుమారు మూడు కిలోల పిల్లను కొన్ని గంటలలోనే లేపి నడిపిస్తుంది, ఏటవాలులో మాత్రం ఎప్పుడూ పిల్లకు కింది వైపున నడుస్తుంది. పిల్ల జారితే ముందు తల్లి ఒంటికే తగులుతుంది. మీ వీడియోలో పిల్ల ఏ వైపున ఉందో మళ్లీ ఒకసారి చూడండి.

చలికాలం మేత గురించి అడిగారు. గాలి ఎక్కువగా వీచే శిఖరపు అంచులలో మంచు నిలవదు, అక్కడ ఎండు గడ్డి బయటపడి ఉంటుంది. మరీ నిటారుగా ఉన్న చరియల మీద కూడా మంచు దానంతట అదే జారిపోతుంది. అటువంటి చోట్ల చిక్కిన ఎండు గడ్డి, నాచు, బండలకు అంటుకున్న లైకెన్లు, సూదుల్లాంటి ఆకులున్న చెట్ల రెమ్మలు తింటూ, వేసవిలో కూడబెట్టిన కొవ్వు కరిగించుకుంటూ వసంతం దాకా ఈడుస్తాయి. ఒంటి మీద రెండు పొరల ఉన్ని ఉంటుంది. లోపలిది మెత్తగా దట్టంగా, పైది జానెడు పొడవున బోలుగా ఉండే వెంట్రుకలతో. సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అది వాటిని కాపాడుతుంది. అయినా చాలా పిల్లలు మొదటి చలికాలం దాటవు. తల్లి నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా ఈనదు, ఈనినా సాధారణంగా ఒకే పిల్ల. రెండేళ్లకు మూడు ఈతలు ఈనే మన మేకతో పోలిస్తే ఎంత నిదానమో చూడండి. అందుకే ఒక మందలో నాలుగు పెంటి మేకలను వేటాడినా ఆ మంద కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మందలో పెత్తనం విషయంలో మీకు ఒక వింత చెప్పాలి. మన మందలో పెద్ద పోతు ముందు నడుస్తుంది. అక్కడ ఎద కాలం తప్ప మిగిలిన ఏడాదంతా పెద్ద పెంటి మేకదే పెత్తనం, పోతు పక్కకు తప్పుకుంటుంది. పొట్టేళ్లలాగా తలలు బాదుకోవడం వాటికి చేతకాదు, పుర్రె అంత గట్టిది కాదు. ఒకదాని తల మరొకదాని తోక వైపు ఉండేటట్లు పక్కపక్కనే నిలబడి, ఒకదాని వెనుక తొడల్లో మరొకటి కొమ్ము దింపుతాయి. అందుకని పోతులకు వెనుక భాగపు చర్మం రెండు సెంటీమీటర్ల దాకా మందంగా పెరుగుతుంది. ఆ కొమ్ము బలం ఎంతటిదో 2021 సెప్టెంబరులో కెనడాలోని యోహో జాతీయ ఉద్యానవనంలో తెలిసింది. సుమారు 70 కిలోల ఆడ గ్రిజ్లీ ఎలుగుబంటి కళేబరం దొరికితే పరీక్ష చేసి చూశారు, చంక దగ్గర, మెడ కింద దిగిన కొమ్ముల గాయాలు కొండమేకవే.

జవాబు: సియాటిల్‌లో ఉంటున్న మిర్యాలగూడ వాసి

అధ్యాపకుల వారు రాసిన దానికి నేను కళ్లారా చూసినది కొంత చేర్చగలను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒలింపిక్ పర్వతాల వైపు మిత్రులతో కలిసి ఒక శిఖరం ఎక్కాను. పైకి చేరి సంచీ దించి కూర్చున్న పది నిమిషాలకు ఒక తెల్ల పెంటి మేక, దాని వెనుక ఏడాది పిల్ల, చప్పుడు లేకుండా బండ వెనుక నుండి వచ్చాయి. దాని కన్ను నా మీద లేదు, నా సంచీ మీద ఉంది. నేను లేచి పక్కకు జరగగానే అది వచ్చి, చెమటతో తడిసిన సంచీ పట్టీని నోటిలోకి తీసుకుని నాకడం మొదలుపెట్టింది. ఆ నాలుక గరుకు చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. తరువాత నేను కూర్చున్న బండను కూడా నాకింది.

తినడానికి ఏమైనా దొరుకుతుందని వచ్చిందేమో అనుకున్నాను. అది ఉప్పు కోసమని అక్కడి అటవీ సిబ్బంది చెప్పాక తెలిసింది. వసంతంలో మొలిచే లేత గడ్డిలో పొటాషియం, నీరు ఎక్కువగా ఉండి ఒంట్లోని సోడియం బయటికి పోతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి కొండమేకలు ఉప్పు మట్టి ఉన్న చోట్లకు కిలోమీటర్ల కొద్దీ దిగి వస్తాయి. తమకు ప్రాణాధారమైన నిలువు బండలను వదిలి, అడవి గుండా, వేటాడే జంతువుల దారిలో నడిచి మరీ వస్తాయంటే ఆ ఆశ ఎంతటిదో ఊహించవచ్చు. మోంటానాలోని గ్లేసియర్ జాతీయ ఉద్యానవనం అంచున అటువంటి ఉప్పు చరియ ఒకటి రహదారి పక్కనే ఉంది. మేకలు వాహనాల కింద పడకుండా రహదారిని వంతెన మీద వేసి, అవి కింది నుండి నడిచేటట్లు చేశారు.

ఒలింపిక్ పర్వతాలలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడ కొండమేకలు సహజంగా ఉండేవి కావు. 1920లలో వేట కోసమని డజను దాకా తెచ్చి వదిలారు. 1980ల మొదటికి అవి వెయ్యి దాటాయి. ఆ కొండలలో సహజమైన ఉప్పు మట్టి లేదు. దానితో మేకలు మనుషుల చెమటకు, మూత్రానికి అలవాటు పడ్డాయి. కొండ దారికి దూరంగా రాతి మీద మూత్రం పోయాలని, మేకకు యాభై గజాల దూరంలో ఉండాలని అక్కడ రాసి పెట్టిన సూచన చదివి మొదట నవ్వుకున్నాను. 2010లో అదే ఉద్యానవనంలో ఒక నడకదారి యాత్రికుడిని కొండమేక తొడలో పొడిచి చంపిందని తెలిశాక నవ్వు ఆగిపోయింది. చివరికి 2018 నుండి 2020 వరకు హెలికాప్టర్లతో పట్టి, కళ్లకు గంతలు కట్టి, సంచుల్లో వేలాడదీసి 325 మేకలను వాటి సహజ నివాసమైన కాస్కేడ్ కొండలకు తరలించారు. మిగిలిన వాటిలో చాలావాటిని కాల్చివేశారు. తెచ్చి వదిలినది మనుషులు, ప్రాణం పోయినది మేకలకు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. అయితే అక్కడి పచ్చిక బయళ్లలో మరెక్కడా పెరగని మొక్కలు వాటి డెక్కల కింద నలిగిపోతున్నాయన్న వాదనను కొట్టిపారేయలేను కూడా.

ఒక మంచి జ్ఞాపకం కూడా చెబుతాను. జూన్‌లో కొండ ఎక్కితే పొదలకు, బండ మూలలకు తెల్లని ఉన్ని పీచులు చిక్కుకుని ఉంటాయి. వేసవి రాగానే కొండమేకలు చలికాలపు ఉన్నిని పొదలకు రాసుకుని వదిలించుకుంటాయి, ముందు పోతులు, ఆఖరున పాలిచ్చే తల్లులు. అలాస్కా తీరంలోని ట్లింగిట్ జనం ఆ ఉన్నిని, దేవదారు జాతి చెట్టు నారతో కలిపి పేని, చిల్కాట్ అనే అంచుల దుప్పట్లు నేస్తారు. సియాటిల్ మ్యూజియంలో అటువంటి దుప్పటి ఒకటి చూసినప్పుడు నాకు మా ఊరి కురుమల గొంగడి గుర్తుకు వచ్చింది. గొంగడికి నల్ల గొర్రె ఉన్ని, దీనికి తెల్ల కొండమేక ఉన్ని. కాని గొంగడి వాననూ చలినీ ఆపడానికి, చిల్కాట్ మాత్రం పెద్దల వేడుకల కోసం.

జవాబు: విశ్రాంత పశువైద్య సహాయకుడు, అచ్చంపేట

తమ్ముడూ, మీ మేక సంగతి చదివి బాధ కలిగింది. ముప్పై ఏళ్లు జీవాల కాళ్లు పట్టుకున్న అనుభవంతో రెండు మాటలు చెబుతాను. ఆరేళ్లుగా ఎక్కిన గుట్ట మీద మేక జారిందంటే గుట్ట మారలేదు, బండ మీద పాచి వచ్చి ఉండాలి, లేదా డెక్క మారి ఉండాలి. వానాకాలం మొదట్లో ఈ రెండూ కలుస్తాయి. ఏడాదంతా పగలూ రాత్రీ బండల మీద తిరిగే కొండమేకకు డెక్క పెరిగినంత అరుగుతుంది. మన మేక రాత్రంతా మెత్తని పెంట మీద పడుకుంటుంది, వానకు నాలుగు రోజులు దొడ్డిలోనే కట్టివేస్తాము. అప్పుడు డెక్క అంచు పెరిగి అడుగు వైపుకు మడుచుకుంటుంది. అధ్యాపకులు చెప్పిన ఆ మెత్తని భాగం బండకు తగలకుండా ఈ మడత అడ్డం పడుతుంది. నున్నని కొమ్ము ముక్క మీద నిలబడ్డ మేక పాచి బండ మీద జారక ఏమి చేస్తుంది?

రెండు మూడు నెలలకు ఒకసారి, వాన తడికి డెక్క మెత్తబడ్డప్పుడు, పదునైన కత్తితో మడతను కోయండి. లేత గులాబీ రంగు కనబడగానే ఆపాలి, ఇంకా లోతుకు పోతే రక్తం వస్తుంది. వేళ్ల మధ్య కుళ్లు వాసన వస్తే మైలుతుత్తం కలిపిన నీటిలో కాసేపు నిలబెట్టండి, కాని గొర్రెలు ఆ నీళ్లు తాగకుండా చూడండి, గొర్రెకు మైలుతుత్తం విషం. విరిగిన కాలికి వెదురు బద్దలు కట్టినప్పుడు వాపు ఎక్కువైతే మధ్యలో విప్పి మళ్లీ కట్టారా? ఆ కుంటుకు కారణం అదే కావచ్చు, ఒకసారి దగ్గరి పశువైద్యశాలలో చూపించండి.

చూడి మేకను చివరి రెండు నెలలు గుట్ట ఎక్కనివ్వకండి. కొండమేకలలో కూడా ఈనబోయే తల్లి మందను విడిచి, ఎవరూ రాని చోటు చూసుకుని ఒంటరిగా ఉంటుంది. మన మేకకు అట్లా ఎంచుకునే వీలు లేదు, దానిని మందతో పాటు మనమే తోలుతున్నాము.

జవాబు: గుట్టల నేస్తం, నల్లగొండ

ఇంకొక వీడియో గురించి అడగాలి. మేకలు ఒక డ్యామ్ గోడ మీద, నిటారుగా, బల్లుల లాగా అతుక్కుని ఉన్నట్లు చూపుతున్నారు. సాగర్ డ్యామ్‌ను చిన్నప్పటి నుండి చూస్తున్నవాడిని, ఆ వీడియోను నేను నమ్మలేకపోతున్నాను. పైగా ఆ మేకలు తెల్లగా లేవు, గోధుమ రంగులో ఉన్నాయి. అవి కూడా ఈ కొండమేకలేనా? మన దేశంలో ఇటువంటివి ఏవీ లేవా?

జవాబు: పాలమూరు జంతుశాస్త్ర అధ్యాపకుడు

ఆ వీడియో కూడా నిజమే, కాని జంతువు వేరు. అది ఇటలీ ఉత్తర భాగంలో ఆల్ప్స్ కొండలలోని చింజీనో డ్యామ్. ఎత్తు సుమారు 49 మీటర్లు. ఎక్కుతున్నవి ఆల్పైన్ ఐబెక్స్‌లు, అంటే మన ఇంటి మేక ప్రజాతికే చెందిన అసలైన అడవి మేకలు. నున్నని కాంక్రీటు గోడ కాదు అది, రాళ్లు పేర్చి కట్టిన గోడ. రాయికీ రాయికీ మధ్య డెక్క మొన ఆనేంత చోటు ఉంటుంది. గోడలోని సున్నం నుండి పైకి ఉబికి వచ్చే లవణాల కోసం అవి ఎక్కుతాయి. ఎక్కేవి ఎక్కువగా పెంటి మేకలూ పిల్లలే, బరువైన కొమ్ములున్న పోతులు కిందనే ఉండిపోతాయి. 19వ శతాబ్దం మొదట్లో వేట వలన ఆ జాతి మొత్తం గ్రాన్ పారడీసో ప్రాంతంలో వంద దాకా మాత్రమే మిగిలింది. 1856లో రాజు దానిని తన సొంత వేటభూమిగా ప్రకటించి ఇతరులను రానీయకపోవడం వలన బతికింది, 1922లో అది జాతీయ ఉద్యానవనమైంది. తన వేట కోసం కాపాడాడు కదా అని నిందించవచ్చు, కాని ఈనాడు ఆ డ్యామ్ ఎక్కుతున్నవన్నీ ఆ వంద మేకల సంతానమే.

మన దేశంలో లడఖ్, స్పితి కొండలలో సైబీరియా ఐబెక్స్ ఉంది, మంచు చిరుత దానిని వేటాడుతుంది. దక్షిణాన కేరళ, తమిళనాడు పశ్చిమ కనుమలలో నీలగిరి తార్ ఉంది. తమిళంలో వరైయాడు అంటారు, అంటే కొండ చరియ మేక. ఆనముడి చుట్టూ ఉన్న ఎరవికులం జాతీయ ఉద్యానవనంలో వాటిని బస్సు దిగి నడుస్తూనే చూడవచ్చు. మన నల్లగొండకు కూడా పూర్వం నీలగిరి అన్న పేరు ఉండేది కనుక మా విద్యార్థులలో కొందరు ఆ జంతువు ఒకప్పుడు ఇక్కడ ఉండేదనుకుంటారు. అది కేవలం పేరు కలవడమే, తార్‌కు ఎత్తైన కొండల మీది చల్లని పచ్చిక కావాలి.

మీ కాపరి మిత్రుడికి మరొక విషయం చెప్పడం మరిచాను. ఇంటి మేక పూర్వీకమైన బెజోవర్ మేక కూడా పశ్చిమాసియాలోని నిలువు బండల మీదిదే. ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల వైపు సుమారు 10,000 ఏళ్ల క్రితం మనుషులు దానిని మచ్చిక చేసుకున్నారు. అందుకే మీ గొర్రెలు చెలకలో ఆగితే మేకలు గుండ్లు ఎక్కుతాయి. ఎక్కే గుణం కోసం ఎవరికీ బయానా ఇవ్వనక్కరలేదు, అది మీ మందలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ జీవాల కాపరి

అందరికీ ధన్యవాదాలు. ఫోటో మళ్లీ తీసి చూశాను, చెవులు గడ్డం దాకా వేలాడుతున్నాయి. వ్యాపారికి ఫోను చేసి కొమ్ములు ఏ రంగు అని అడిగితే, చూసి చెబుతానని పెట్టేశాడు, మళ్లీ చేయలేదు. వీడియోలో పిల్ల తల్లికి పై వైపునే ఉంది, మొదట నేను గమనించలేదు.

నిన్న పెద్దాయన చెప్పినట్లు పన్నెండు మేకల డెక్కలు చూశాను, ఏడింటికి అడుగున మడత ఉంది, కుంటి మేకకు నాలుగు కాళ్లకూ ఉంది. కోశాను. ఒకదానికి కొంచెం రక్తం వచ్చింది, పసుపు అద్దాను.

ఇంకొకటి. మా ఇంటి వెనుక గోడకు సిమెంటు పూత కిందిభాగం తెల్లగా ఉప్పుబట్టి రాలుతుంది. మేకలు పొద్దున వదలగానే వరుసగా ఆ గోడ దగ్గరికే పోయి నాకుతాయి. గోడ పాడుచేస్తున్నాయని మా అమ్మ రోజూ కట్టెతో అదిలిస్తుంది. ఈ రోజు అంగడి నుండి ఖనిజ లవణాల ఇటుక ఒకటి తెచ్చి దొడ్డి గుంజకు వేలాడదీశాను. మొదట వచ్చి నాకినది ఆ కుంటి మేకే. రేపటి నుండి గోడ దగ్గరికి ఎన్ని పోతాయో చూసి ఇక్కడ రాస్తాను.